మా పాప టెన్నిస్ ఆడతానంది

ఎండాకాలం సెలవులకు అనంతపురంలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళొచ్చింది మా పాప. వచ్చిన రోజు రాత్రి అన్నం తింటూ తింటూ "అమ్మా, నేను టెన్నిస్ ఆడతా" అంది. ఏడు అయిపోయి ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. మా ఆయన పప్పు కలుపుకుంటూ తలెత్తలేదు. మా అత్తమ్మ మాత్రం "అదేం ఆటమ్మే?" అని అడిగింది. టీవీలో తెల్లబట్టలేసుకుని ఆడతారే, అది అని చెప్తే, "మహానందిలో యాడాడతావే? కోనేట్లోనా?" అంది. అందరం నవ్వాం. పాప నవ్వలేదు.

మా ఊరు తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మహానంది అంటే గుడి, అడుగున రూపాయి బిళ్ళ పడినా కనిపించే కోనేరు, ఆ నీళ్ళు పారే అరటితోటలు, వెనక నల్లమల. చుట్టుపక్కల సీమంతా నీళ్ళకోసం ఆకాశం వైపు చూస్తుంటే మాకు మాత్రం ఏడాది పొడుగునా ఊట ఆగదు. 2024లో గుడి దగ్గరికి చిరుత వచ్చిందని పేపర్లలో పడింది కదా, అప్పుడు సాయంత్రమైతే పిల్లల్ని వాకిలి దాటనీయలేదు మేం. ఏం కావాలన్నా నంద్యాల పోవాలి, 15 కిలోమీటర్లు. చీరకు ఫాల్ కుట్టించాలన్నా, పంటి డాక్టర్‌కు చూపించాలన్నా నంద్యాలే. టెన్నిస్‌కీ అంతే.

సరే, అడిగితే పోయేదేముందని ఒకరోజు పట్నంలో నేర్పించే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పాపను కాదు, నన్ను అడిగాడు ప్రశ్నలు. పొద్దున ఐదున్నరకు తీసుకురాగలరా? సాయంత్రం ఏడు దాకా ఉంచగలరా? రాకెట్ సొంతంగా కొంటారా? పాప వయసెంత? పన్నెండు నిండాయంటే "లేటయిందమ్మా, ఆరేళ్ళకు తేవాల్సింది" అన్నాడు. ఆరేళ్ళప్పుడు ఇది అ ఆలు దిద్దుకుంటూ ఉంది. తిరుగు బస్సులో పాప కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకు కోపం ఎవరి మీద రావాలో తెలియలేదు. ఆ రాత్రే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, ఈ ఆట అసలు ఎవరిది, మా బస్సు ఆగే దాకా ఎందుకు రాలేదు అని. వారం పది రోజులు వంట అయ్యాక అదే పని. ఈ వ్యాసం అట్లా పుట్టింది.

మొదట నన్ను ఆశ్చర్యపరిచింది ఇది. టెన్నిస్ పుట్టింది క్లబ్బులో కాదు, ఇంటి పెరట్లో. ఇంగ్లండ్‌లో మేజర్ వాల్టర్ క్లాప్టన్ వింగ్‌ఫీల్డ్ అనే ఆయన 1874లో పేటెంట్ తీసుకుని, గుంజలు, వల, రాకెట్లు, రబ్బరు బంతులు ఒక పెట్టెలో పెట్టి అమ్మాడు. పెట్టె కొనుక్కుని ఇంటి ముందు పచ్చికలో వల కట్టుకుంటే ఆట సిద్ధం. కలిగినవాళ్ళ ఆటే, అందులో సందేహం లేదు. కానీ ఇంటి ఆవరణలో ఆడేది కాబట్టి ఆడవాళ్ళకు అడ్డు చెప్పేవాళ్ళు తక్కువ. వింబుల్డన్ పోటీలు 1877లో మొదలైతే, ఆడవాళ్ళకు 1884లోనే చోటు దొరికింది. మొదటి విజేత మాడ్ వాట్సన్ పాదాల దాకా పరికిణీ వేసుకుని ఆడింది. 1919లో ఫ్రాన్స్ అమ్మాయి సుజాన్ లెంగ్లెన్ పిక్కల దాకా వచ్చే గౌను వేసుకుని, నడుం బిగించే కార్సెట్ లేకుండా వింబుల్డన్‌లో దిగితే అక్కడ పెద్ద గోలైంది. ఆమె ఆ ఏడాది గెలిచింది. మన సానియా మీర్జా స్కర్టు మీద 2005లో జరిగిన రచ్చ గుర్తుందా? అంటే 86 ఏళ్ళ తర్వాత కూడా జనం చూసేది బంతిని కాదన్నమాట.

మన దేశానికి ఈ ఆట తెల్లదొరల వెంట వచ్చింది. కంటోన్మెంట్లు, కలెక్టర్ బంగళాలు, ఆఫీసర్ల క్లబ్బులు, ఇవీ దాని చిరునామాలు. మనవాళ్ళు ఆ కోర్టుల్లో కనిపించింది ఎక్కువగా బంతులు ఏరి ఇచ్చే కుర్రాళ్ళుగానే. పైగా మట్టి కోర్టుకు రోజూ నీళ్ళు చల్లాలి, రోలర్ తిప్పాలి. కడవ నీళ్ళకోసం మైళ్ళు నడిచే సీమలో, ఆట నేలకు నీళ్ళు చల్లించుకునేవాళ్ళు ఎవరై ఉంటారో చెప్పక్కర్లేదు. స్వాతంత్ర్యం వచ్చాక దొరలు పోయారు, క్లబ్బులు మిగిలాయి. మా అమ్మకైతే ఇప్పటికీ క్లబ్బు అంటే పేకాటే. "ఆడపిల్లను క్లబ్బుకు పంపుతావా?" అని ఫోన్‌లో ఆమె కంగారు చూడాలి.

అట్లాగని మన ఆడవాళ్ళు అసలు ఆడలేదని కాదు. 1934లో లీలా రో అనే బొంబాయి అమ్మాయి వింబుల్డన్ సింగిల్స్‌లో ఒక మ్యాచ్ గెలిచింది. అట్లా గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆమె తల్లి పండిత క్షమారావు సంస్కృతంలో కావ్యాలు రాసిన కవయిత్రి, తనూ టెన్నిస్ ఆడేది. తల్లి ఆడింది కాబట్టి కూతురు ఆడింది. ఈ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. సానియా కథ కూడా చూడండి. ఆరేళ్ళప్పుడు హైదరాబాద్‌లో ఒక కోచ్ దగ్గరికి తీసుకెళ్తే, మరీ చిన్నపిల్ల అని ఆయన మొదట కాదన్నాడట. నెల తిరక్కుండానే ఆయనే పిలిచి, ఇంత బాగా ఆడే పిల్లను చూడలేదన్నాడట. ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆ తర్వాత తండ్రి నేర్పిస్తూ, తల్లీ తండ్రీ కారులో ఊరూరూ పోటీలకు తిప్పారు. 2005లో హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలైంది. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు. 2015లో డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి స్థానం. మా పాప గదిలో ఆమె బొమ్మ ఉంది. కానీ నిజం చెప్పొద్దూ, ఆ కథ చదివాక నాకు ధైర్యం రాలేదు, గుబులే వచ్చింది. మా ఇంట్లో ఉన్నది ఒక్క మోటార్ సైకిల్, అది పొద్దున్నే తోటకు పోతుంది.

కాబట్టి నేను వెతికింది వేరే. కారు లేని ఇంటి పిల్ల ఈ ఆట దగ్గరికి ఎట్లా చేరింది? ఎవరు చేర్చారు?

అమెరికాలో ఆల్తియా గిబ్సన్ అనే నల్లజాతి అమ్మాయి ఉండేది. 1927లో పుట్టింది, న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పెరిగింది. బడి ఎగ్గొట్టి తిరిగే పిల్ల. వాళ్ళ వీధిలో పిల్లలు ఆడుకోవాలని పోలీసులే బండ్లు రాకుండా అడ్డం పెట్టేవాళ్ళు. ఆ వీధిలో చెక్క బ్యాటుతో ఆడే పాడిల్ టెన్నిస్ నేర్చుకుని, పన్నెండేళ్ళకు నగరంలో ఛాంపియన్ అయింది. అది చూసి ఇరుగుపొరుగు వాళ్ళు చందాలు వేసుకుని ఆమెను హార్లెమ్‌లోని నల్లవాళ్ళ టెన్నిస్ క్లబ్‌లో చేర్చారు. క్లబ్ పేరు కాస్మోపాలిటన్. మద్రాసులో, మన కోస్తా పట్టణాల్లో కూడా ఆ పేరుతో క్లబ్బులున్నాయి, పేరు చూడగానే నవ్వొచ్చింది నాకు. ఆ పిల్ల 1957లో, 1958లో వింబుల్డన్ గెలిచింది. మొదటిసారి ట్రోఫీ ఇచ్చింది ఎలిజబెత్ రాణి. వీధి అరుగుల మీద కూర్చునే ఆ చందాల మనుషుల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఇంకొకాయన ఆర్థర్ యాష్. తల్లి ఆరేళ్ళప్పుడే పోయింది. తండ్రి రిచ్‌మండ్ ఊళ్ళో నల్లవాళ్ళ పార్కుకు కాపలాదారు, వాళ్ళ ఇల్లు ఆ పార్కులోనే. గుమ్మం దాటితే కోర్టు. తర్వాత పెద్ద ఆటగాడయ్యాక, తనకు కలిసొచ్చిన ఆ గుమ్మం అందరికీ ఉండదని ఆయనకు తెలుసు. 1969లో ఇద్దరు మిత్రులతో కలిసి నేషనల్ జూనియర్ టెన్నిస్ లీగ్ అని మొదలుపెట్టాడు. పట్నాల్లో పేద పిల్లలుండే చోటికే ఆటను తీసుకెళ్ళడం, ఆటతో పాటు చదువు చెప్పించడం దాని పని. వినీలకూ సెరీనాకూ కూడా, అయ్యో, వీనస్‌కూ సెరీనాకూ అనాలి, కాంప్టన్‌లో ఊరందరి కోర్టులే మొదటి బడి. (మా పాప నా భుజం మీదుగా చదివి దిద్దింది.)

1969 అనగానే నాకు ఇంకోటి గుర్తొచ్చింది, అది మన సీమది. ఆ ఏడాదే విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చాడు. 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టి, 1952లో జెస్యూట్‌గా మన దేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో పనిచేశాడు. అక్కడి పెద్దలకు గిట్టక 1968లో దేశం విడిచి పోవాల్సి వచ్చింది. మరుసటి ఏడు తిరిగొచ్చి, ఎవరూ వెళ్ళని చోటుగా అనంతపురం ఎంచుకున్నాడు. వానలు అతి తక్కువ పడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత అనంతపురమే అని మనం బడిలో చదువుకున్నదే కదా. ఆయన, అన్నే ఫెర్రర్ కలిసి నడిపిన సంస్థే ఆర్డీటీ, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్. ముందు బావులు. తర్వాత బళ్ళు, ఇళ్ళు, బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో ఆస్పత్రులు, ఆడవాళ్ళ సంఘాలు. ఆటలు ఆ వరుసలో చాలా వెనక వచ్చాయి. అనంతపురంలో స్పోర్ట్స్ విలేజ్ అని పెద్ద ఆవరణ కట్టారు. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ క్రికెట్ జరిగింది అక్కడే, మా ఆడపడుచు వాళ్ళు చూడడానికి పోయారు కూడా.

ఆ ఆవరణలో 2010 అక్టోబర్‌లో ఒక టెన్నిస్ బడి తెరిచారు. తెరిచినాయన రఫేల్ నాదల్. ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ మూడూ గెలిచి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నాడు, వయసు 24. షాంఘైలో పోటీ ముగించుకుని నేరుగా మన అనంతపురం వచ్చాడు. పక్కన వాళ్ళమ్మ ఆనా మారియా పరేరా. ఆయన పేరు మీదున్న ఫౌండేషన్‌కు అధ్యక్షురాలు ఆమే. ఫెర్రర్ గారు అప్పటికి లేరు, 2009 జూన్‌లో పోయారు. కొడుకు పక్కన నిలబడ్డ ఆ తల్లి ఫోటో చూసి నేను అనుకున్నాను, ఈవిడకూ ఎప్పుడో ఒక సాయంత్రం ఇంట్లో అన్నం దగ్గర "అమ్మా, నేను టెన్నిస్ ఆడతా" అనే మాట వినపడి ఉంటుంది.

ఆ బడిలో రాకెట్ పట్టుకోవడం ఒక్కటే చెప్పరు. ఇంగ్లిష్ చెప్తారు, కంప్యూటర్ చెప్తారు, పిల్లల తిండి చూస్తారు. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడతారు. ఛాంపియన్లను తయారు చేయడం దాని మొదటి లెక్క కాదు. ఇది చదివి మా ఆయన "మరి ఎందుకు అంత ఖర్చు?" అన్నాడు. ఆయన ప్రశ్న తప్పు కాదు. మనం ఆటను ఎప్పుడూ పతకంతోనే తూస్తాం, లేకపోతే స్పోర్ట్స్ కోటాలో సీటుతో. నాకు మాత్రం ఇక్కడ వేరే లెక్క కనపడింది. మొదటి అడుగు పడింది 1969లో, టెన్నిస్ వచ్చింది 2010లో. నడుమ 41 ఏళ్ళు. ఆ 41 ఏళ్ళలో నీళ్ళు రావాలి, పురుడు ఆస్పత్రిలో జరగాలి, సంఘం మీటింగుకని తల్లి చెప్పులేసుకుని గడప దాటాలి. మొగుణ్ణి అడక్కుండా నలుగురిలో ఒక మాట మాట్లాడి ఇంటికొచ్చిన తల్లే, కూతురు పొట్టి నిక్కరుతో బంతి కొడతానంటే సరే అనగలదు. ఇది పుస్తకంలో చదివింది కాదు, నా అభిప్రాయం. కానీ నా జీవితం చూసుకున్నా అదే అనిపిస్తుంది.

ఎందుకంటే నేనూ ఆడేదాన్ని. టెన్నిస్ కాదు, టెన్నీకాయిట్. మీలో చాలామంది ఆడే ఉంటారు. రబ్బరు రింగు, నడుమ వల, ఒక చేత్తో పట్టి అదే చేత్తో విసరడం. ఇది ఓడల్లో పుట్టిన ఆటట. డెక్ మీద బంతితో ఆడితే సముద్రంలో పడిపోతుందని రింగుతో ఆడేవాళ్ళట. ఓడ ఎరగని నంద్యాల ఆడపిల్లల బడికి అది ఎట్లా చేరిందో గాని, మా డ్రిల్ టీచర్ పుణ్యమా అని మేం మధ్యాహ్నం అన్నం మానేసి ఆడేవాళ్ళం. డబ్బులు అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు, పరికిణీ ఎగ్గట్టి దిగడమే. మండల స్థాయిలో ఆడాను నేను. జిల్లాకు ఎంపికైన నెలలోనే పెద్దమనిషినయ్యాను. పదకొండు రోజులు మూల కూర్చోబెట్టి, చలిమిడి, నువ్వులుండలు తినిపించి, ఓణీ కట్టించారు. బడికి తిరిగి పంపారు గాని ఆటకు పంపలేదు. "ఇంక ఎగురుళ్ళు చాలమ్మా" అంది మా నాయనమ్మ. మా అమ్మ ఒక్క మాట అనలేదు, నా రింగు తీసుకుపోయి అటక మీద పెట్టింది. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అందుకే ఎవరినీ తప్పు పట్టలేక ఇన్నేళ్ళూ ఆ మాట ఎక్కడా చెప్పలేదు.

మా పాపకు పన్నెండు నిండాయి. అర్థమైందిగా నాకు తొందర ఎందుకో.

ఇప్పుడు ఉపయోగపడే మాట ఒకటి చెప్తాను, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు వినండి. టెన్నిస్ నేర్పే పద్ధతే ఈ మధ్య మారింది. అసలు కోర్టు పొడవు 78 అడుగులు, వల నడుమ మూడడుగుల ఎత్తు. ఆరేళ్ళ పిల్ల దాంట్లో నిలబడితే బంతి నెత్తి మీదుగా పోతుంది, వారానికి విసుగు పుడుతుంది. అందుకని అంతర్జాతీయ టెన్నిస్ ఫెడరేషన్ 2007లో 'ప్లే అండ్ స్టే' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మెత్తని ఎర్ర బంతి, తర్వాత ఆరెంజ్, తర్వాత పచ్చ. ఎర్ర బంతి మామూలు బంతి కంటే 75 శాతం నెమ్మది, ఆరెంజ్ 50, పచ్చ 25. ఎర్ర బంతికి కోర్టు పొడవు 36 అడుగులు చాలు. 2012 నుంచి పదేళ్ళ లోపు పిల్లల పోటీల్లో మామూలు బంతి వాడకూడదని రూలే పెట్టారు. ఎందుకు చెప్తున్నానంటే, 36 అడుగులంటే మా ప్రభుత్వ బడి వరండా ముందున్న స్థలం. పెద్ద కోర్టు వెడల్పే 36 అడుగులు, ఉన్న ఒక్క కోర్టును అడ్డంగా గీస్తే నాలుగు చిన్న కోర్టులౌతాయి. నీళ్ళు చల్లక్కర్లేదు, రోలర్ అక్కర్లేదు. వింగ్‌ఫీల్డ్ పెట్టె మళ్ళీ పెరట్లోకి వచ్చినట్టే. మన రాష్ట్రంలో 2023 డిసెంబర్‌లో మొదలైన ఆడుదాం ఆంధ్రాలో సచివాలయాల దాకా ఆటలు తెచ్చారు, క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్, మా టెన్నీకాయిట్ కూడా. ఆ పట్టికలో టెన్నిస్ లేదు. ఊళ్ళో లేని ఆటను పట్టికలో ఎవరు రాస్తారు?

ఇదంతా చదివి నేనేదో ఘనకార్యం చేశాననుకోవద్దు. బస్సు టైము మారలేదు, కోచ్ మాట మారలేదు. మా ఆడపడుచు మాత్రం "పాపను సెలవులకల్లా నా దగ్గరికి తోలు వదినా, నేను చూసుకుంటా" అంది. నంద్యాల నుంచి బనగానపల్లె, తాడిపత్రి మీదుగా పోవాలి, సగం రోజు ప్రయాణం. దసరా సెలవులకు పంపుతానన్నాను. మా ఆయన "చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టు.

పోయిన ఆదివారం మా తోటలో గెలలు కొట్టడానికి వచ్చిన మనుషుల్ని అడిగి పొడుగాటి అరటి నార తాడు పేనించుకుంది పాప. ఇంటి వెనక వేపచెట్టుకూ కరెంటు స్తంభానికీ కట్టింది. ఎత్తు ఎంత ఉండాలని అడిగితే మూడడుగులు అన్నాను, టైలర్ టేపు తెచ్చి కొలిచింది. చెక్క ప్యాడ్లు రెండు, తమ్ముడి క్రికెట్ బంతి ఒకటి, పక్కింటి పిల్లలు నలుగురు. బంతి గట్టిదై ఎగిరెగిరి తోటలోకి పోతుంటే, నేను పుట్టింటికి ఫోన్ చేసి అటక మీది రింగు ఉందా అని అడిగాను. ఎలకలు కొరికినా ఉందట. బుధవారం సంతకొచ్చే మనిషితో పంపిస్తానంది అమ్మ. కాసేపు ఫోన్ పెట్టేయలేదు. "ఇన్నేళ్ళూ పారేయబుద్ధి కాలేదే" అంది.